హేచరీ జిప్సీ: ముందు ఉప్పు, తర్వాతే పెయింటు

బండి 1998 మోడల్ మారుతి జిప్సీ, ఎంజీ413డబ్ల్యూ, సాఫ్ట్ టాప్. 1.3 లీటర్ల కార్బురేటర్ ఇంజిన్, ఐదు గేర్లు, ముందూ వెనకా కమాన్ కట్టలు, నిచ్చెన ఆకారపు చాసిస్, దాని మీద రబ్బరు బుష్‌లతో బోల్టులు వేసి కూర్చోబెట్టిన బాడీ. మొదటి యజమానికి భీమిలి వైపు రొయ్యల హేచరీ ఉండేది. వెనక సీట్లు పీకేసి సముద్రపు నీళ్ల డ్రమ్ములు, రొయ్య పిల్లల సంచులు ఏళ్ల తరబడి అందులోనే మోశారు. తర్వాత కొన్నాయన ఆలివ్ గ్రీన్ రంగు కొట్టించి, కొంతకాలం తిప్పి షెడ్డులో పెట్టేశారు. నా దగ్గరికి వచ్చేసరికి ఇంజిన్ స్టార్ట్ అవుతోంది. డ్రైవర్ కాళ్ల దగ్గర మ్యాట్ ఎత్తితే మాత్రం కింద నేల కనిపిస్తోంది.

నాది విశాఖలో ఓడల మరమ్మతు దగ్గర పెయింట్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం. ఉక్కు మీద వేసిన పెయింటు ఎందుకు నిలుస్తుంది, ఎందుకు పొంగి ఊడిపోతుంది అన్నది చూడటమే రోజూ నా పని. ఈ బండిని ఇంటి పెరట్లో బాగు చేసిన తీరు రాయడానికి కారణం కూడా అదే. తుప్పు గోకి పెయింటు వేయడం అందరూ చేస్తారు. ఉప్పు కడగడం మాత్రం బండ్ల పనిలో దాదాపు ఎవరూ చేయరు. తీరప్రాంతంలో లక్షలు పెట్టి చేయించిన బండి రెండు వానాకాలాలకే మళ్లీ పొంగడానికి నేను చూసినంతలో పెద్ద కారణం అదే.

జిప్సీయే ఎందుకంటే, ఇంట్లో పని చేయడానికి ఇంతకంటే వీలైన ఫోర్ వీల్ డ్రైవ్ మన దేశంలో దొరకడం కష్టం. బరువు టన్ను అటూ ఇటూ. ఇంజిన్, గేర్ బాక్సు, ముందు వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ వేటికవే విడిగా ఉంటాయి. ఇద్దరు మనుషులు, ఒక చైన్ పుల్లీ ఉంటే ఏ భాగమైనా దించవచ్చు. 1985 చివర్లో మొదలై 2019 దాకా తయారైన బండి కాబట్టి విడిభాగాలకూ పెద్ద ఇబ్బంది లేదు. మన దగ్గర దొరకనివి ఢిల్లీ కశ్మీరీ గేట్ మార్కెట్ నుంచి పార్సిల్‌లో వస్తాయి.

కొనే ముందు చూసినవి

ఒక అయస్కాంతం, చిన్న సుత్తి, పొడవాటి స్క్రూడ్రైవరు, ఉక్కు మందం కొలిచే అల్ట్రాసోనిక్ గేజ్ పట్టుకెళ్లాను. గేజ్ లేనివాళ్లకు సుత్తి చాలు. మంచి చాసిస్ మీద కొడితే ఖంగున మోగుతుంది, లోపల తినేసిన చోట మొద్దు శబ్దం వస్తుంది. అయస్కాంతం వెనక చక్రాల ఆర్చిల మీద అతుక్కోలేదు. అక్కడ రేకు లేదు, జాలీ పెట్టి దాని మీద లప్పం దట్టించారు.

బాడీ ఎంత పోయినా నేను భయపడను. రేకు కోసి కొత్తది వేయవచ్చు. కొనాలా వద్దా అన్నది చాసిసే తేలుస్తుంది. చాసిస్ పొడవునా ఉండే రెండు పట్టీల మధ్యభాగంలో పెయింటు గోకి గేజ్ పెడితే 2 మి.మీ. పైన చూపించింది. వెనక కమాన్ కట్టను చాసిస్‌కు కలిపే ఊగే లింకు, అంటే షాకిల్, తగిలే చోట 1 మి.మీ. కూడా లేదు, కొన్నిచోట్ల స్క్రూడ్రైవరు దిగిపోయింది. స్టీరింగ్ బాక్సు బిగించే చోటు, ముందు కమాన్ల హ్యాంగర్లు మాత్రం గట్టిగా ఉన్నాయి. ఆ ముందు భాగం కూడా పోయి ఉంటే ఈ బండి కొనేవాణ్ని కాదు. ఎవరికీ కొనమని చెప్పను కూడా. స్టీరింగ్ బాక్సు దగ్గర చాసిస్ చీలితే రోడ్డు మీద ప్రాణం పోతుంది.

కాగితాలు కూడా అక్కడే చూసుకోవాలి. చాసిస్ మీద కొట్టిన నంబర్ చేత్తో తడిమి చదివి, ఆర్సీతో పోల్చుకున్నాను. తుప్పుకు ఆ నంబర్ చెరిగిపోయిన బండిని ఎంత చవకగా ఇచ్చినా వదిలేయాలి. ఆర్సీలో రంగు తెలుపు, బండి మీద ఉన్నది ఆలివ్ గ్రీన్. కేంద్ర మోటారు వాహన నిబంధనలు 1989లోని 121వ నిబంధన ప్రకారం ఆ రంగు రక్షణ శాఖ వాహనాలకే. జిప్సీ అంటే మిలిటరీ బండి అన్న మోజుతో చాలామంది ఆ రంగే వేయిస్తారు, తనిఖీలో ఇబ్బంది పడతారు. తిరిగి తెలుపుకు తేవాలని అప్పుడే అనుకున్నాను. రిజిస్ట్రేషన్ రెన్యూవల్ కూడా లెక్కలో వేసుకున్నాను. 2022 ఏప్రిల్‌లో 15 ఏళ్లు దాటిన సొంత కారు రెన్యూవల్ ఫీజును 600 రూపాయల నుంచి 5,000కు పెంచారు. గ్రీన్ ట్యాక్స్, ఫిట్‌నెస్ దానికి అదనం.

విప్పక ముందు నీళ్లు

ఒక్క బోల్టు కూడా విప్పకుండా, ముందు బండి మీద పైపుతో నీళ్లు పోశాను. అద్దం మీద, టాప్ మీద, తలుపుల మీద, చక్రాల ఆర్చిల లోపల వాన పడినట్టు పోసి, టార్చి పట్టుకుని నీరు ఎటు పోతోందో, ఎక్కడ ఆగుతోందో చూశాను. విప్పేశాక ఈ సంగతి తెలిసే దారి ఉండదు. బాడీ ముక్కలైపోతే నీటి దారి కూడా పోతుంది.

ముందు అద్దం ఫ్రేము కింది మూలల్లో రబ్బరు ఎండి బిగుసుకుపోయింది. అక్కణ్నుంచి దిగిన నీరు డాష్‌బోర్డు వెనకగా వచ్చి కాళ్ల దగ్గర చేరుతోంది. అక్కడ కార్పెట్టు, దాని కింద జనుము లాంటి ఫెల్టు. అది తడిసిందంటే వారాల తరబడి ఆరదు. నేలకు ఉన్న రబ్బరు బిరడాలు ఎవరో సీలెంటు పెట్టి శాశ్వతంగా మూసేశారు. వెనక నేల గాడుల్లో నీరు నిలబడింది, డ్రమ్ములు తొణికినప్పుడూ అక్కడే నిలిచి ఉంటుంది. చాసిస్ పట్టీల అడుగున ఉన్న కన్నాలు ఇసుకా మట్టీ పట్టి పూడిపోయాయి. పెట్రోలు ట్యాంకుకూ దాని కింది గార్డుకూ మధ్య తడి మట్టి. తుప్పు బాగా తిన్న ప్రతి చోటూ ఈ నీటి దారిలోనే ఉంది. ఒక కాగితం మీద బండి బొమ్మ గీసి, నీరు ఆగే చోట్లన్నీ ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకున్నాను. తర్వాత చేసిన పనంతా ఆ కాగితం చూసుకునే చేశాను.

అడుగున నల్ల తారు లాంటి అండర్‌కోటింగ్ మందంగా ఉంది. పైకి బాగుంది, గోకితే చెక్కలుగా లేచింది. దాని కింద తడి. శుభ్రం చేయని ఇనుము మీద ఇలాంటి పూత కొడితే తడిని లోపలే బంధించినట్టు. సర్వీసింగ్ సెంటర్లలో నీళ్లు కొట్టాక అడుగున పాత ఇంజిన్ ఆయిల్ స్ప్రే చేయడం కూడా నాకు నచ్చదు. ఇనుముకు కొంత మేలు చేస్తుందేమో గానీ రబ్బరు బుష్‌లను ఉబ్బిస్తుంది, దుమ్మును అంటించుకుంటుంది. ఆ దుమ్మే తర్వాత తడిని పట్టి ఉంచుతుంది.

ఉప్పు ఏం చేస్తుంది

ఇనుముకు నీరు, గాలి రెండూ తగిలితే తుప్పు పడుతుంది. ఇది అందరికీ తెలుసు. ఉప్పు చేసేది రెండు పనులు. ఒకటి, నీటిలో కరెంటు సులువుగా పారేలా చేసి తుప్పు వేగం పెంచుతుంది. రెండోది ఇంకా ప్రమాదం: గాలిలోని తేమను తనే లాక్కుంటుంది. మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే తనంతట తానే కరిగి నీరవుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం చాలు. విశాఖలో తేమ ఏడాదిలో చాలాభాగం 70 శాతం చుట్టుపక్కలో, అంతకు పైనో ఉంటుంది. అంటే సముద్రపు ఉప్పు పట్టిన ఇనుము మన తీరంలో ఎండాకాలంలో కూడా పూర్తిగా ఆరదు. చేత్తో ముట్టుకుంటే పొడిగానే ఉంటుంది, గుంటల అడుగున తడి ఉంటుంది.

ఆ గుంటల్లో చేరిన ఉప్పు తాలూకు క్లోరైడ్ వైర్ బ్రష్‌కు అందదు. గ్రైండర్‌కు తగిలించిన వైర్ చక్రం తుప్పును తీయకుండా మెరుగు పెడుతుంది. పైన నల్లగా నిగనిగలాడే పొర వస్తే శుభ్రమైందనుకుంటాం. దాని మీద పెయింటు వేస్తే, పెయింటు గుండా మెల్లగా దిగే నీటి ఆవిరిని ఆ ఉప్పు లోపలికి లాగుతుంది. పొక్కులు లేస్తాయి. కంపెనీ పెయింటు మంచిది కాదని తిట్టుకుంటాం. ఎంత ఖరీదైన ఎపాక్సీ పెయింటు వేసినా ఉప్పు మీద వేస్తే జరిగేది ఇదే.

విప్పడం

పెరట్లో ఇనప పైపులతో నాలుగు కాళ్ల స్టాండు, దానికి చైన్ పుల్లీ. బాడీ లేపే ముందు విడదీయాల్సినవి: స్టీరింగ్ షాఫ్టు, బ్రేకు పైపులు, క్లచ్, యాక్సిలరేటర్, చోక్, స్పీడోమీటర్, హ్యాండ్ బ్రేకు కేబుళ్లు, రేడియేటర్ గొట్టాలు, పెట్రోలు పోసే గొట్టం, వైరింగ్, గేరు రాడ్లు. ప్రతి కనెక్టరుకూ ఫోటో తీసి గుడ్డ టేపు మీద పేరు రాసి అంటించాను. పెట్రోలు ట్యాంకు అన్నిటికంటే ముందు దించి ఆవరణ బయట పెట్టాను. ఖాళీ ట్యాంకులో ఉండే ఆవిరి, నిండు ట్యాంకు కంటే ప్రమాదం. అది పైభాగంలో చిల్లులు పడి ఉంది. అతుకు వేయించే ఆలోచనే పెట్టుకోలేదు, కొత్త ట్యాంకు తెప్పించాను.

బాడీ బోల్టులు ఈ పనిలో ఓపిక పరీక్షించే చోటు. తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలి, పొద్దున బిగించే దిశలో కొంచెం తిప్పి, తర్వాత వదులు దిశలో తిప్పాలి. మొండిగా లాగితే తల విరుగుతుంది, లోపలి నట్టు బాడీలోంచి ఊడి బోల్టుతో పాటు తిరుగుతుంది. విరిగిన వాటికి నేను డ్రిల్లు జోలికి పోలేదు. మిగిలిన మొదలు మీద ఒక నట్టు పెట్టి వెల్డింగ్ చేస్తే, ఆ వేడికి పట్టు వదిలి పానాకు కదులుతుంది.

బాడీ లేచాక చాసిస్ అసలు స్థితి కనిపించింది. వెనక పట్టీల లోపల సుత్తితో తడుతూ గాలి కొడితే తుప్పు పూతరేకుల్లా పొరలు పొరలుగా రాలింది. దానితో పాటు ఇసుక, గవ్వల పొడి. హేచరీ రోజుల ఇసుక ఇన్నేళ్లూ ఆ పట్టీల లోపలే ఉండిపోయింది.

కడగడం, కొలవడం

వరస ముఖ్యం. ముందు గ్రీజూ నూనే సబ్బుతో, డిగ్రీజరుతో పోగొట్టాలి. అది ఉండగా బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో గరుకు పొడి చిమ్మి తుప్పు రాల్చడం, చేస్తే రాపిడికి జిడ్డు గుంటల్లోకి దిగుతుంది. ఆ తర్వాత ప్రెషర్ పంపుతో మంచినీళ్లు. చాసిస్ పట్టీలకు ఉన్న ప్రతి కన్నంలోంచి గొట్టం దూర్చి, అవతల తేట నీరు వచ్చేదాకా కడిగాను. ఏ నీళ్లన్నది కూడా చూడాలి. మా వీధి బోరు నీరు, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరులో వెయ్యి పైన చూపించింది. ఆ నీటితో కడిగితే ఉప్పు తీస్తూ ఉప్పు పెట్టినట్టే. మున్సిపల్ కుళాయి నీరు వాడాను, ఆఖరి కడుగుడుకు ఆర్వో నీరు.

కడిగిన చాసిస్‌ను ట్రాలీలో బ్లాస్టింగ్ యార్డుకు పంపాను. ఇది ఇంట్లో చేసే పని కాదు, చేయకూడదు. మామూలు ఇసుకతో బ్లాస్టింగ్ చేస్తే ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. గార్నెట్ అనే ఖనిజపు పొడితోనే చేయాలని ముందే మాట్లాడుకున్నాను. కావాల్సిన శుభ్రత, బ్లాస్టింగ్ ప్రమాణాల్లో ఎస్ఏ 2.5 అనే స్థాయి: తుప్పు, పాత పెయింటు పోయి, అక్కడక్కడా లేత మరకలు తప్ప తెల్లటి లోహం కనబడాలి. బాడీ రేకులకు మాత్రం బ్లాస్టింగ్ చేయించలేదు. పలచటి రేకు ఆ దెబ్బకు వంకర్లు పోతుంది.

ఓడల పనిలో ఉప్పు కొలవడానికి బ్రెస్లే ప్యాచ్ అనే పద్ధతి ఉంది. ఆ కిట్ ఖరీదెక్కువ. ఇంట్లో దాదాపు అదే పని కొన్ని వందల రూపాయల టీడీఎస్ మీటరుతో చేయవచ్చు. ఎలాగో వివరంగా రాస్తున్నాను, ఈ పనిలో బాగా పనికొచ్చేది ఇదే కాబట్టి.

ఇనుము మీద 10 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు గల చదరం సుద్దతో కాకుండా టేపుతో గుర్తు పెట్టండి. శుభ్రమైన కప్పులో 20 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ తీసుకోండి. చేతికి గ్లోవ్ వేసుకుని, దూది ఉండను అందులో ముంచి చదరమంతా రుద్ది, మళ్లీ కప్పులో పిండండి. చదరం మీద తడి పూర్తిగా దూదికి వచ్చేదాకా అలా చేయాలి. ముందు అదే దూదిని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి రీడింగ్ రాసుకోవడం మరవకూడదు, దూదిలో, గ్లోవ్‌లో కూడా ఉప్పు ఉంటుంది. రెండు రీడింగుల తేడా చూడండి. తేడా 25 పీపీఎం, అంటే లీటరుకు 25 మిల్లీగ్రాములు, వస్తే, ఆ 20 మి.లీ.లో అర మిల్లీగ్రాము ఉప్పు ఉన్నట్టు. చదరం విస్తీర్ణం చదరపు మీటరులో వందో వంతు. అంటే చదరపు మీటరుకు 50 మిల్లీగ్రాములు. ఓడ నిలకడ కోసం సముద్రపు నీరు నింపే బ్యాలస్ట్ ట్యాంకుల పెయింటుకు అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2006లో పెట్టిన హద్దు కూడా సరిగ్గా అంతే. దూది పైపైన ఉన్న ఉప్పునే తీయగలదు, మీటరు చూపేది కూడా సుమారు విలువే. అందుకే నేను అందులో సగం, అంటే 12 పీపీఎం తేడా దాటకూడదని పెట్టుకున్నాను.

బ్లాస్టింగ్ అయ్యాక ముందు పట్టీలు ఆ హద్దులోనే ఉన్నాయి. వెనక షాకిల్ దగ్గర తేడా 50 దాటింది. కంటికి అంతా ఒకేలా తెల్లగా ఉంది. సాయంత్రానికి అదే చోట గుంటల చుట్టూ నల్లటి చుక్కలు లేచాయి. ఉప్పు మిగిలితే కనబడే లక్షణం అది. ఆ భాగాన్ని వేడి ఆర్వో నీటితో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టి, పైపైన మళ్లీ గార్నెట్ కొట్టించాం. రీడింగ్ పదికి లోపు వచ్చాకే వదిలాను. బ్లాస్టింగ్ మేస్త్రి దాకా ఈ మాట చేరింది. ఇప్పుడు తీరం బండ్లు వస్తే ఆయనే ముందు కడిగించుకు రమ్మంటున్నాడు.

చిన్న బ్రాకెట్లు, అతుకులు, కమ్మీలు ఇంట్లోనే ఎలక్ట్రాలిసిస్‌తో శుభ్రం చేశాను. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు, లీటరుకు ఒక చెంచా వాషింగ్ సోడా, 12 వోల్టుల బ్యాటరీ చార్జరు. తుప్పు వస్తువుకు నెగటివ్, పనికిరాని మామూలు ఇనుప ముక్కకు పాజిటివ్. పాజిటివ్‌కు స్టెయిన్‌లెస్ స్టీలు ఎప్పుడూ పెట్టకూడదు, విషపూరితమైన క్రోమియం నీటిలోకి వస్తుంది. హైడ్రోజన్ పుడుతుంది కాబట్టి ఆరుబయటే, నిప్పుకు దూరంగా చేయాలి. కమాన్ కట్టలు, గట్టి బోల్టుల లాంటి వాటిని ఇందులో గానీ యాసిడ్‌లో గానీ వేయకూడదు. హైడ్రోజన్ లోపలికి చేరి ఆ ఉక్కు పెళుసెక్కుతుంది. కమాన్ ఆకులు విడదీసి వైర్ బ్రష్‌తోనే శుభ్రం చేశాను.

కోత, అతుకు

చాసిస్ వెనక భాగం కోసే ముందు మూలల నుంచి మూలలకు కొలతలు తీసి, అడ్డంగా యాంగిల్ ఇనుము వేసి బిగించాను. లేకపోతే వెల్డింగ్ వేడికి పట్టీ లాగుతుంది, బండి ఒక పక్కకు నడుస్తుంది. కోత మంచి ఇనుము తగిలేదాకా వెళ్లాలి. గేజ్ 2 మి.మీ. చూపే చోటు దాకా వెళ్లాను. కొత్త ముక్కను నిట్టనిలువు గీత మీద అతకలేదు. ఏటవాలు కోత, లోపల ఆసరాగా సన్నటి స్లీవు, పక్కన కన్నాలు వేసి వాటిని నింపే ప్లగ్ వెల్డులు. పట్టీకి అడ్డంగా నిలువు వెల్డు వేస్తే బరువు పడిన ప్రతిసారీ ఒత్తిడంతా ఆ ఒక్క గీత మీదే పడుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. మందం కూడా పాత ఇనుముకు దగ్గరగానే ఉండాలి. గట్టిగా ఉంటుందని మందపాటి ప్లేటు వేస్తే దాని అంచున చాసిస్ విరుగుతుంది. ఈ వెల్డులు వేసింది చాసిస్ పనిలో చేయి తిరిగిన వెల్డరే, పక్కన ఉండి చూసుకోవడం నా వంతు. నేర్చుకునే దశలో ఉన్నవాళ్లు చాసిస్ మీద చేయి పెట్టవద్దని నా సలహా.

నేల, ఆర్చిలు నేనే చేశాను. సింగిల్ ఫేజ్ మిగ్ వెల్డింగ్ మెషీను, 0.8 మి.మీ. తీగ, సీఓ2 సిలిండరు, 18 గేజ్ సీఆర్ షీటు. పలచటి రేకు మీద పొడవుగా వెల్డు లాగకూడదు. దూరదూరంగా టాకులు కొట్టుకుంటూ, చల్లారనిస్తూ, ఖాళీలు నింపుకుంటూ రావాలి. జింకు పూత ఉన్న రేకైతే వెల్డు చేసే మేర పూత గోకాలి, ఆ పొగ పీలిస్తే రాత్రికి జ్వరం వస్తుంది. బ్రేక్ క్లీనరుతో తుడిచిన చోట వెల్డు చేయకూడదు. అందులో క్లోరిన్ ఉన్న రకాలు ఆ వేడికి ఫాస్జీన్ అనే ప్రాణాంతకమైన వాయువు ఇస్తాయి.

సాయానికి పిలిచిన ఆటోనగర్ టింకరింగ్ మేస్త్రి నేల కోతలు చూసి ఆగాడు.

"ఇంత కోయక్కర్లేదు సార్. పాత దాని మీదే రేకు పరిచి టాకులేసేస్తే సరిపోద్ది. మిగతాది లప్పంతో నేను చూసుకుంటాను."

"రెండు రేకుల మధ్యకి నీళ్లు దిగితే ఏం చేద్దాం మేస్త్రి గారూ?"

"దిగుతాయండి. అందుకే కదా రెండు మూడేళ్లకి మళ్లీ నా దగ్గరికే వస్తారు."

నిజం చెప్పే మనిషి. రేకు మీద రేకు వేస్తే ఆ సందు ఎప్పటికీ ఆరదు. గుర్తు పెట్టుకున్న చోట్లన్నీ అంచుకు అంచు కలిపే అతికాను. ఆర్చి లోపల ఫ్యాక్టరీలోనే రెండు రేకులు ఒకదాని మీద ఒకటి వచ్చే కుట్టు ఒకటి ఉంది. దాన్ని విప్పితే పక్క ప్యానెల్ మొత్తం మార్చాలి. దాన్ని వదిలి, వీలైనంత కడిగి సీలెంటు, వ్యాక్స్ పట్టించాను. నేల గాడుల్లో అన్నిటికంటే పల్లంగా ఉన్న చోట కన్నాలు వేసి, చేత్తో తీసి పెట్టుకునే రబ్బరు బిరడాలు పెట్టాను.

పెయింటు

పెయింటు వేసేటప్పుడు ఇనుము ఉష్ణోగ్రత, మంచు బిందువు (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, గాలిలో తేమ 85 శాతానికి తక్కువ ఉండాలి. దీనికి కూడా మీటర్లు చవకే. మా వైపు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దు బాగా ఎక్కాక ఈ లెక్క కుదురుతుంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలంలో చాసిస్‌ను బ్లాస్టింగ్ చేయించి పెట్టుకోవడం మంచిది కాదు.

చాసిస్ మీద మొదట జింక్ ఎపాక్సీ ప్రైమరు, ఆరాక 60 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండేలా. జింకు తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది, కానీ శుభ్రమైన ఇనుముకు నేరుగా తగిలితేనే. తుప్పు మీదో, పాత పెయింటు మీదో జింక్ ప్రైమరు వేయడం డబ్బు దండగ. దాని మీద మందంగా పట్టే ఎపాక్సీ మాస్టిక్ పెయింటు 125 మైక్రాన్లు. ప్రతి పూతకూ ముందు అంచులకు, వెల్డులకు, కన్నాల చుట్టూ బ్రష్‌తో ఒక చారిక పెట్టాను. పెయింటు ఆరేటప్పుడు పదునైన అంచుల నుంచి వెనక్కి లాక్కుంటుంది, అక్కడ పొర పలచబడుతుంది. తుప్పు మొదటగా కనబడేది అక్కడే. ఎపాక్సీ ఎండకు సుద్దలా పొడి రాలుతుంది. చాసిస్‌కు ఎండ తగలదు కాబట్టి దాని మీద ఇంకో పూత అక్కర్లేదు. బాడీకి మాత్రం పాలీయురెథేన్ కావాలి. రెండు డబ్బాలు కలిపి కొట్టే ఆ పెయింటు హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఒకసారి ఊపిరితిత్తులకు పడకపోతే జీవితాంతం ఆస్తమా. అందుకే బాడీని బూత్ ఉన్న పెయింటరుకు అప్పగించాను. తెలుపు రంగు, ఆర్సీలో ఉన్నట్టే.

పట్టీల లోపలికి బ్రష్ వెళ్లదు. పొడవాటి గొట్టానికి చుట్టూ చిమ్మే నాజిల్ తగిలించి, బోలు భాగాల లోపలికి పట్టించే మైనం, అంటే క్యావిటీ వ్యాక్స్ పట్టించాను, అడుగు కన్నాల్లోంచి కారేదాకా. తర్వాత ఆ కన్నాలను పుల్లతో తెరిచాను. వ్యాక్స్‌తో కన్నాలు మూసుకుపోతే పడ్డ కష్టమంతా పోతుంది.

బోల్టుల గురించి ఒక్క మాట. తుప్పు పట్టదని అన్నిచోట్లా స్టెయిన్‌లెస్ బోల్టులు వేసేవాళ్లున్నారు. బరువు మోసే చోట, బాడీ మౌంట్లకు, షాకిళ్లకు జింకు పూత ఉన్న 8.8 గ్రేడ్ బోల్టులే వేశాను, మరలకు గ్రీజు రాసి. బలం ఎంతో తెలిసిన బోల్టు కావాలి అక్కడ.

యంత్రం పని

ఇంజిన్ జోలికి పెద్దగా పోలేదు. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, కార్బురేటరు శుభ్రం. బ్రేకు పైపులన్నీ కొత్తవి, వీల్ సిలిండర్లు కొత్తవి. ముందు యాక్సిల్ చివర చక్రాలు తిరిగే నకిల్స్‌లో కింగ్‌పిన్ బేరింగులు అరిగి, ఆయిల్ సీళ్లు కారి ఉన్నాయి. గతుకు తగిలినప్పుడు స్టీరింగ్ వణకడానికి జిప్సీల్లో తరచూ కారణం ఇదే. సందు సరిచేసే పలచటి బిళ్లలు, షిమ్ములు, సరిచూసి బిగించాక వణుకు పోయింది. కార్పెట్టు మళ్లీ వేయలేదు. తీసి దులుపుకునే రబ్బరు మ్యాట్లు చాలు.

వానాకాలం తర్వాత

బండి రోడ్డెక్కాక ఒక వానాకాలం పూర్తిగా తిరిగింది, ఎక్కువగా అరకు ఘాట్‌లో, అప్పుడప్పుడు భీమిలి తీరం రోడ్డులో. తర్వాత జాకీల మీద ఎత్తి పాత కాగితం పట్టుకుని ఒక్కో గుర్తు దగ్గరా చూశాను. చాసిస్ వెనక భాగంలో ఎక్కడా పొక్కు లేదు. రాళ్లు తగిలి పెయింటు లేచిన చోట కూడా తుప్పు పక్కకు పాకలేదు, జింకు తన పని చేస్తోంది. నేల పొడిగా ఉంది. అద్దం మూలల్లో కొత్త రబ్బరు పట్టుకుంది.

ఎడమ వెనక ఆర్చి దగ్గర, విప్పకుండా వదిలిన ఆ ఫ్యాక్టరీ కుట్టులోంచి మాత్రం గోధుమ రంగు చార కారింది. కుడి వైపు అలాంటిదే ఉన్నా ఏమీ రాలేదు. హేచరీ రోజుల్లో డ్రమ్ములు ఎడమ పక్కన పెట్టేవాళ్లని మొదటి యజమాని దగ్గర పనిచేసిన డ్రైవరు చెప్పాడు. కుట్టు పక్కన దూదితో తీసిన రీడింగ్ తేడా నలభైకి దగ్గరగా వచ్చింది, మిగతా బాడీ మీద ఎనిమిది లోపే. లోపల ఉప్పు మిగిలింది కాబట్టి పైనుంచి సీలెంటు ఎంత దట్టించినా ఆగదు.

ఎడమ పక్క ప్యానెల్ తెప్పించి పెట్టాను. జనవరిలో గాలి పొడిబారాక ఆ కుట్టు స్పాట్ వెల్డులు డ్రిల్లుతో విప్పి, రెండు రేకులూ విడదీసి కడిగి, మీటరు ఒప్పుకున్నాక వెల్డ్ చేయడానికి వీలయ్యే జింక్ ప్రైమరు రాసి మూస్తాను. అప్పటిదాకా తీరం రోడ్డు మీద వెళ్లొచ్చిన ప్రతిసారీ మున్సిపల్ నీళ్లతో ఆర్చిల లోపల, చాసిస్ కన్నాల్లో కడుగుతున్నాను, ఆ కుట్టుకు నెలకోసారి పలచటి వ్యాక్స్ పట్టిస్తున్నాను.